కలుషితాహార వ్యాధులపై నిఘా: పరిశోధన పద్ధతుల పరిణామం

ఒకే పదార్థం తిన్న ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మందికి ఒకే రకమైన జబ్బు చేస్తే ప్రజారోగ్య శాస్త్రం దాన్ని కలుషితాహార వ్యాధి ప్రబలడంగా లెక్కిస్తుంది. దాని కారణాన్ని వెతికి పట్టుకోవడం పరిశోధన. జబ్బుల లెక్కలను ఏడాది పొడవునా సేకరించి, అసాధారణంగా పెరిగినప్పుడు గుర్తించడం నిఘా. ఆహారం పొలం నుంచి పళ్లేనికి చేరే దారి పొడుగైన కొద్దీ ఈ రెండింటి పద్ధతులూ మారుతూ వచ్చాయి.

1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో కలరా చావుల చిట్టా తీసిన జాన్ స్నో, వాటిలో ఎక్కువ భాగం ఒకే చేతిపంపు చుట్టూ ఉన్నాయని చూపాడు. ఆ నీళ్లు తాగినవారినీ తాగనివారినీ పోల్చి చూడటమే ఆయన పద్ధతి. తిండి విషయంలో ప్రయోగశాల ఆధారం 1888లో దొరికింది. జర్మనీలోని ఫ్రాంకెన్‌హౌసెన్‌లో జబ్బుపడిన ఆవును కోసి అమ్మిన మాంసం తిని పలువురు మంచానపడ్డారు, ఒకరు చనిపోయారు. ఆ మాంసంలోనూ మృతుడి శరీరంలోనూ ఒకే బాక్టీరియా ఉన్నట్టు ఆగస్ట్ గార్ట్‌నర్ నిరూపించాడు. తర్వాత సాల్మొనెల్లా జాతిలో చేరినది అదే. 1895 డిసెంబరులో బెల్జియంలోని ఎల్లెజెల్ అనే పల్లెలో అంత్యక్రియలకు వాయించడానికి వెళ్లిన బ్యాండు మేళం వారు, ఉప్పునీటిలో ఊరవేసిన పంది తొడమాంసం తిన్నారు. కొందరికి ఒక వస్తువు రెండుగా కనిపించింది, రెప్పలు వాలిపోయాయి, మింగుడు పడలేదు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. దీన్ని పరిశోధించిన ఎమిల్ వాన్ ఎర్మెంజెమ్, గాలి తగలని చోట పెరిగి విషం తయారుచేసే బాక్టీరియాను మాంసంలో పట్టుకున్నాడు. బొటులిజం కారణం అలా తేలింది.

పైకి ఆరోగ్యంగా కనిపించే మనిషి కూడా జబ్బు పంచగలడని న్యూయార్క్‌లో వంటమనిషి మేరీ మాలన్ ఉదంతం బయటపెట్టింది. టైఫాయిడ్ సోకిన ఇళ్లలో ఎవరెవరు వంట చేశారో జార్జ్ సోపర్ వరుసగా ఆరా తీస్తే, ఆమె పేరే మళ్లీ మళ్లీ వచ్చింది. 1907లో ఆమెను నిర్బంధంలో ఉంచారు. ఇక వంట చేయనన్న మాట మీద 1910లో వదిలారు. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రి వంటశాలలో మళ్లీ దొరికింది. 1938లో చనిపోయేదాకా ఆమె నిర్బంధంలోనే ఉంది. ప్రజల రక్షణ కోసం ఒక వ్యక్తి స్వేచ్ఛను ఎంతవరకు హరించవచ్చన్న వాదన అప్పటి నుంచీ నడుస్తూనే ఉంది.

విందుల్లో ప్రబలిన జబ్బును పరిశోధించే తీరుకు పాఠ్యపుస్తకాలు చూపే ఉదాహరణ, 1940 ఏప్రిల్‌లో న్యూయార్క్ రాష్ట్రం ఆస్వెగో కౌంటీలో జరిగిన చర్చి భోజనం. హాజరైన 80 మందిలో 75 మందిని అధికారులు ప్రశ్నించారు. 46 మందికి వాంతులు, విరేచనాలు అయ్యాయి. ప్రతి వంటకానికీ తిన్నవారిలో ఎందరు జబ్బుపడ్డారో, తిననివారిలో ఎందరు జబ్బుపడ్డారో పట్టిక గీశారు. పంది మాంసం తిన్నవారిలో 63 శాతం, తిననివారిలో 59 శాతం జబ్బుపడ్డారు కాబట్టి దాని మీద అనుమానం నిలవలేదు. వెనిలా ఐస్‌క్రీమ్ తిన్న 54 మందిలో 43 మంది, తినని 21 మందిలో ముగ్గురు మాత్రమే జబ్బుపడ్డారు. ఐస్‌క్రీమ్ కోసం కలిపిన మిశ్రమాన్ని రాత్రంతా బయటే ఉంచారని విచారణలో తెలిసింది. 1951లో అలెగ్జాండర్ లాంగ్‌మ్యూర్ అమెరికాలో మొదలుపెట్టిన అంటువ్యాధుల పరిశోధకుల శిక్షణ కార్యక్రమంలో ఈ ఉదంతం నేటికీ అభ్యాస పాఠం.

విందు పద్ధతి పనిచేయాలంటే తిన్నవారంతా ఒకచోట దొరకాలి. డబ్బా ఆహారం, శీతల గిడ్డంగులు, దేశాంతర వ్యాపారం పెరిగాక ఆ వీలు తగ్గింది. 1964లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో 500 మందికి పైగా టైఫాయిడ్ సోకింది. దారి పట్టుకుని వెళ్తే అర్జెంటీనా నుంచి వచ్చిన గొడ్డుమాంసం డబ్బా దగ్గర తేలింది. అక్కడ వేడి డబ్బాలను శుద్ధి చేయని నది నీటితో చల్లార్చారు. అబర్డీన్ దుకాణంలో మాంసం కోసే యంత్రం ఆ క్రిములను ఇతర మాంసాలకూ అంటించింది.

1993లో అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో సరిగా ఉడకని హాంబర్గర్ల వల్ల ఈ.కోలై ఓ157 సోకి 700 మందికి పైగా జబ్బుపడగా, నలుగురు పిల్లలు మరణించారు. వేర్వేరు ఊళ్ల రోగుల్లో దొరికిన బాక్టీరియా ఒకటేనా కాదా అన్నది త్వరగా తేల్చడానికి 1996లో పల్స్‌నెట్ ఏర్పడింది. బాక్టీరియా డీఎన్‌ఏను ముక్కలుగా కత్తిరించి, ఆ ముక్కలతో ఏర్పడే గీతల నమూనాలను ప్రయోగశాలలు ఒకదానికొకటి పంపుకొనేవి. 2019 నాటికి దాని స్థానంలో పూర్తి జన్యుక్రమాన్ని చదివే పద్ధతి వచ్చింది.

ప్రయోగశాల ఎంత పెరిగినా పాత పట్టిక పక్కకు పోలేదు. 2011లో జర్మనీలో ఈ.కోలై ఓ104 ప్రబలి 50 మందికి పైగా చనిపోయారు. తొలుత స్పెయిన్ దోసకాయలను నిందించారు, అక్కడి రైతులు నష్టపోయారు. రోగులను ఏం తిన్నారని అడిగితే, పళ్లెంలో అలంకరణగా చల్లిన మొలకలు చాలామందికి గుర్తు రాలేదు. దాంతో పరిశోధకులు ఒక రెస్టారెంట్‌లో భోంచేసిన బృందాల బిల్లులు, ఆర్డర్లు, ఫొటోలు సేకరించి, ఏ వంటకంలో ఏమేం వేశారో వంటవాళ్లనే అడిగారు. మొలకలున్న వంటకాలు అందుకున్నవారికే ముప్పు చాలా రెట్లు ఎక్కువని తేలింది. ఆ దారి చివరికి ఈజిప్టు నుంచి వచ్చిన మెంతుల దగ్గర ఆగింది.

భారతదేశంలో తొలి పరిశోధనలు ఎక్కువగా విషపదార్థాల చుట్టూ నడిచాయి. ఆవనూనెలో బలురక్కసి నూనె కలవడం వల్ల కాళ్లు వాచి, గుండె దెబ్బతినే వ్యాధి బెంగాల్‌లో పలుమార్లు ప్రబలింది. 1998లో ఢిల్లీలో అదే కల్తీ 60 మందికి పైగా ప్రాణాలు తీసింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో పచ్చకామెర్లు, పొట్టలో నీరుతో 397 మంది జబ్బుపడి, వారిలో 106 మంది చనిపోయారు. అదే తిండి తిన్న కుక్కలూ జబ్బుపడ్డాయి. అకాల వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నలో అఫ్లటాక్సిన్ ఉందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు తేల్చారు. 1995లో దక్కన్ పల్లెల్లో కడుపునొప్పి, విరేచనాలు ప్రబలినప్పుడు, బూజుపట్టిన జొన్న, మొక్కజొన్నల్లో ఫ్యుమొనిసిన్ విషాన్ని పట్టుకున్నదీ ఆ సంస్థే.

2004లో మొదలైన సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమంతో ఏఎన్‌ఎంలు లక్షణాలను, డాక్టర్లు అనుమానిత కేసులను, ప్రయోగశాలలు నిర్ధారిత కేసులను వారం వారం నివేదించే ఏర్పాటు జరిగింది. 2006 ఆహార భద్రత చట్టంలోని 35వ సెక్షన్, ఫుడ్ పాయిజనింగ్ కేసులను డాక్టర్లు తెలియజేయాలని ఆదేశించే అధికారం ఇచ్చింది. నిషేధం కూడా చేతిలో ఉన్న సాధనమే: 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది.

ఈ ఏర్పాట్లలో పెళ్లి భోజనం, హాస్టల్ మెస్ లాంటి చోట్ల ఒక్కసారిగా పదులమంది పడిపోతే సమాచారం అందుతుంది. ప్యాకెట్లో అమ్మిన పదార్థం వల్ల పది జిల్లాల్లో ఇంటికొకరి చొప్పున జబ్బు చేస్తే ఏ ఆసుపత్రికీ అది ప్రబలినట్టు కనిపించదు. విరేచనాలైనవారిలో చాలామంది మందుల దుకాణంలో మాత్రలు కొనుక్కుని సరిపెట్టుకుంటారు. ఆసుపత్రికి వెళ్లినవారిలోనూ కొందరికే మల పరీక్ష జరుగుతుంది. నమూనా తీయని రోగి జన్యుక్రమ పద్ధతికీ అందడు, పాత పట్టికకూ అందడు.