స్పానిషు, పోర్చుగీసు భాషలలో ‘హబేరె’ ధాతువు: ఒక ప్రత్యయము పుట్టుక

క్రియారూపముల చివర కన్పట్టు ప్రత్యయము లొకప్పుడు స్వతంత్రపదములై యుండునా యను ప్రశ్న భాషాచరిత్రమున మిక్కిలి పాతది. సామాన్యముగా నీ ప్రశ్నకు సమాధానము ఊహపై నాధారపడును. ఏలయన, ప్రత్యయము పదముగా నున్న కాలమునాటి వ్రాతలు పెక్కుభాషలలో లభింపవు. లాటినునుండి పుట్టిన స్పానిషు, పోర్చుగీసు భాషలలో మాత్ర మిట్టి పరిణామమును మొదటినుండి తుదివరకు చూడగల యవకాశ మొకటి కలదు. ‘కలిగియుండు’ అను నర్థముగల లాటిను ‘హబేరె’ ధాతువు చరిత్రమే యది.

ఈ ధాతువునకు ‘పట్టుకొను’ అనునది మూలార్థము; దానినుండి ‘కలిగియుండు’ అను నర్థ మేర్పడినది. ఇంగ్లీషు ‘హేవ్’ శబ్దము దీనికి జ్ఞాతి యని తోచును గాని యది భ్రాంతి. ధ్వనిసూత్రముల ననుసరించి ‘హేవ్’ లాటిను ‘కాపెరె’ ధాతువునకు బంధువు. ‘హబేరె’ స్పానిషున ‘అబేర్’ గను, పోర్చుగీసున ‘అవేర్’ గను మారినది. రెంటను హకారము వ్రాతయందే నిలిచినది; ఉచ్చారణమున లేదు. మధ్యయుగపు స్పానిషున ఈ క్రియ సంపదను, స్వామ్యమును దెలుపుచుండెడిది. క్రమముగా నా యర్థమును లాటిను ‘తెనేరె’ ధాతువునుండి వచ్చిన ‘తెనేర్’ (పోర్చుగీసున ‘తేర్’) ఆక్రమించినది. 1535 ప్రాంతమున హువాన్ దె వాల్దేస్ తన భాషాసంవాదమున పాత వాడుక వెనుకబడుచున్నదని గుర్తించెను. అర్థమును గోల్పోయిన క్రియ నశింపలేదు, సహాయక్రియగా నిలిచినది. ‘ఉన్నది’ అను నర్థమున స్పానిషు ‘ఆయ్’, పోర్చుగీసు ‘ఆ’ అను రూపములును దీనివే. ఇవి బహువచన నామములతో గూడ నేకవచనముననే యుండును.

వర్తమానకాలమున స్పానిషు రూపములు: ఎ, ఆస్, ఆ, ఏమోస్, అబేయిస్, ఆన్. పోర్చుగీసు రూపములు: ఎయి, ఆస్, ఆ, అవేమోస్, అవేయిస్, ఆఁవు. ఇప్పుడు ‘పాడు’ అను నర్థముగల ‘కంతార్’ ధాతువునకు స్పానిషున భవిష్యద్రూపములను చూడుడు: కంతరే, కంతరాస్, కంతరా, కంతరేమోస్, కంతరేయిస్, కంతరాన్. తుమున్నర్థకమునకు సహాయక్రియయొక్క వర్తమానరూపములు చేర్చినచో, ‘అబేయిస్’ మొదలగువానియందలి సంకోచము దప్ప, భవిష్యత్తు సిద్ధించును. ‘పాడవలసియున్నాను’ అనునది ‘పాడెదను’ అయినది.

ఈ నూతననిర్మాణ మేల యవసరమయ్యెను? లాటినున ‘పాడును’ అనుటకు ‘కంతాబిత్’, ‘పాడెను’ అనుటకు ‘కంతావిత్’ అను రూపము లుండెను. కాలక్రమమున బకార వకారములు జనుల నోట నేకమగుటచే భవిష్యద్భూతములకు భేదము నశించినది. 200 ప్రాంతమున ఉత్తరాఫ్రికాలో గ్రంథరచన చేసిన తెర్తుల్లియాను రచనలయందే తుమున్నర్థకముతో ‘హబేరె’ను జేర్చు ప్రయోగము విరివిగా గన్పట్టును. చెడిపోయిన పాత ప్రత్యయమందలి బకారముగూడ సంస్కృత ‘భూ’ ధాతువునకు బంధువైన క్రియాశకలమే యని పండితుల యభిప్రాయము. ఒక సహాయక్రియ యరిగిపోగా దాని స్థానమున మఱియొకటి వచ్చినదన్నమాట.

కలిసిపోయిన రూపమునకు తొలిసాక్ష్యము ఫ్రెదెగార్ పేర ప్రసిద్ధమైన 7వ శతాబ్దపు చరిత్రగ్రంథమున నున్నది. పారసీకరాజు ‘ఈయను’ అనగా, జస్టీనియను చక్రవర్తి ‘దారాస్’, అనగా ‘ఇచ్చెదవు’ అనెనట. అందుచే నచ్చటి నగరమున కా పేరు వచ్చెనట. ఆ నగరమును జస్టీనియనుకు ముందే, 6వ శతాబ్దారంభమున, అనస్తాసియుస్ చక్రవర్తి కట్టించెను గావున కథ కల్పితము. అందలి క్రియారూపము మాత్రము సత్యము. 1492లో తన కాస్తిలియను వ్యాకరణమును వెలయించిన నెబ్రిహా ఈ భవిష్యత్తు రెండుపదముల కూడిక యని స్పష్టముగా చెప్పెను.

అన్నిటికంటె బలమైన సాక్ష్యము పోర్చుగీసు భాషయే. ‘ఇచ్చెదను’ అనుటకు ‘దరెయి’ అందురు; ‘అతనికిచ్చెదను’ అనుటకు శిష్టరచనలో ‘దార్-ల్యె-ఎయి’ అని వ్రాయుదురు. సర్వనామము ధాతువునకును ప్రత్యయమునకును నడుమ నిలిచి, పాత యతుకును తెరచి చూపుచున్నది. ప్రాచీన స్పానిషుననుగల యిట్టి ప్రయోగములు తరువాత నచట నశించినవి. అట్లని ‘ఎయి’ని నేటికిని స్వతంత్రపద మనుటకు వీలులేదు. ‘చేయు’ అను నర్థముగల ‘ఫజేర్’ భవిష్యత్తున ‘ఫరెయి’గా సంకోచించును, అతుకు తెరచినపుడును ‘ఫార్-ల్యె-ఎయి’ యనియే యుండును. కావున నిది పదమును గాదు, పూర్ణప్రత్యయమును గాదు, నడుమ నిలిచినది. ఈ రూపము బ్రెజిలు వాడుకభాషలో దాదాపుగా లేదు. 2016లో అధ్యక్షబాధ్యతలు స్వీకరించిన మిషెల్ తెమెర్ ప్రసంగములలో దీనిని వాడగా నది వింతగా చర్చింపబడినది.

సంస్కృతజ్ఞుల కిది యపరిచితము కాదు. ‘పాతయామాస’ వంటి రూపములందు అస్ ధాతువు అనుప్రయోగము. వ్యవధానము వ్యాకరణసమ్మతము కాకున్నను, కాళిదాసు రఘువంశమున 9, 13 సర్గలలో నిట్టి రూపములను విడదీసి నడుమ నన్యపదములను నిలిపెను.

తెలుగుననుగూడ నిట్టి యతుకు కలదు. ‘చేయుచున్నాడు’ అనునది ‘చేయుచు’, ‘ఉన్నాడు’ అనువాని కూడిక. వ్యవహారమున నది ‘చేస్తున్నాడు’ అయి, యతుకు మఱుగుపడినది. కాని నొక్కి చెప్పవలసినపుడు ‘చేస్తూనే ఉన్నాడు’ అందుము. ఏకార మా పాత యతుకు చోటనే చొచ్చుచున్నది. పోర్చుగీసున నతుకును గ్రంథభాష కాపాడుచున్నది. తెలుగున జనుల నోరుగూడ కాపాడుచున్నది.

కనుక గ్రాంథికరూపములను మృతములని త్రోసివేయువారును, వ్యావహారికరూపములను భ్రష్టములని యుపేక్షించువారును, భాషాచరిత్రమునకు కావలసిన యొక సాక్షిని పోగొట్టుకొనుచున్నారు. ప్రత్యయమును పట్టికలో నేర్పుటతో నధ్యాపకుని పని ముగియదు. అది యొకనాడు నోరార పలికిన మాట యని చూపినపుడే వ్యాకరణము చరిత్ర మగును. అట్లు చూపుటకు రెండు సాక్షులును వలయును.