కణాలను పిలిచిన బిళ్ళ

2011 అక్టోబర్ 3, సోమవారం. రాల్ఫ్ స్టెయిన్‌మన్ ఫోన్‌కి స్టాక్‌హోమ్ నుంచి ఈమెయిల్ వచ్చింది. వైద్యశాస్త్రంలో నోబెల్! చదువుకోవడానికి ఆయన లేరు. శుక్రవారమే కన్నుమూశారు. చనిపోయినవారికి నోబెల్ ఇవ్వరు. బతికే ఉన్నారనుకుని ప్రకటించారు కాబట్టి బహుమతి ఆయనదేనని చివరికి తేల్చారు.

1973లో ఎలుక ప్లీహంలోంచి తీసిన కణాలను మైక్రోస్కోప్‌లో చూస్తుంటే, కొమ్మలు చాచుకున్న కొత్త రకం కణాలు ఆయన కంటపడ్డాయి. వాటికి డెండ్రిటిక్ కణాలని పేరుపెట్టారు. శత్రువు ఆనవాలైన యాంటిజెన్‌ను రోగనిరోధక సైనికులైన టీ-కణాలకు చూపించి, దాడికి పురమాయించేవి ఇవే. తోటి శాస్త్రజ్ఞులు నమ్మడానికి ఏళ్లు పట్టింది. 2007లో ఆయనకే పాంక్రియాస్ క్యాన్సర్ వచ్చింది. తన కణితితో తయారుచేసిన డెండ్రిటిక్ టీకాలను తన ఒంట్లోకే ఎక్కించుకున్నారు. నాలుగున్నరేళ్లు బతికారు. అది టీకా చలవేనని ఒక్క రోగిని చూసి చెప్పలేం. ఆ తెగువకు మాత్రం చేతులెత్తి మొక్కాలి.

డెండ్రిటిక్ టీకా పద్ధతిలో ఓ చిక్కుంది. ఒంట్లోంచి తీసి, ల్యాబ్‌లో తర్ఫీదిచ్చి, మళ్లీ ఎక్కించిన కణాల్లో చాలాభాగం లింఫ్ గ్రంథికి చేరకుండానే చచ్చిపోతాయి. హార్వర్డ్‌లో డేవిడ్ మూనీ బృందం అసలు కణాలను బయటికి తీయడమెందుకు అనుకుంది. బడినే ఒంట్లోకి పంపింది.

ఆ బడి ఓ పాలిమర్ బిళ్ళ. ఆపరేషన్ కుట్లలో దానంతటదే కరిగిపోయే దారం ఉంటుందే, అదే రకం పదార్థం. ఒళ్లంతా సన్నని రంధ్రాలు. డెండ్రిటిక్ కణాలను రప్పించడానికి అందులో జీఎం-సీఎస్‌ఎఫ్ అనే ప్రొటీన్ నింపారు. బ్యాక్టీరియా డీఎన్‌ఏను పోలిన సీపీజీ, ప్రమాదం వచ్చిపడిందని హెచ్చరిస్తుంది. కణితిని చిదిమి తీసిన యాంటిజెన్లూ అందులోనే. బిళ్ళను చర్మం కింద పెడితే కణాలు వెతుక్కుంటూ వచ్చి, రంధ్రాల్లో దూరి, యాంటిజెన్‌ను మింగి, లింఫ్ గ్రంథికి బయల్దేరతాయి.

2009లో ఫలితాలు వెలువడ్డాయి. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాలు ఎక్కించిన ఎలుకలు మామూలుగా 25 రోజుల్లోపే చచ్చిపోయేవి. ముందే బిళ్ళ పెట్టినవాటిలో 90 శాతం బతికాయి! 2013లో బోస్టన్‌లోని డేనా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థలో మెలనోమా రోగులపై పరీక్ష మొదలైంది. బిళ్ళ ఆస్పిరిన్ మాత్రంత ఉంటుంది.

ఎలుకలో నెగ్గిందల్లా మనిషిలో నెగ్గదు. ఈ బిళ్ళ ఇంకా మందుల షాపుకు రాలేదు. క్యాన్సర్ తగ్గించే టీకా వేస్తామని ఎవరైనా డబ్బు అడిగితే, దానికి అనుమతి ఉందో లేదో, క్లినికల్ ట్రయల్‌గా నమోదైందో లేదో మీ క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడి తెలుసుకోండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి.