ఇటుక పోయినా పటం మిగలాలి

సెలవులొస్తే చాలు, పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని లెగో ఇటుకలతో ఇళ్ళూ కోటలూ కడుతుంటారు. చేతిలో ఒక్క ఇటుక కూడా ఉండదు. "మళ్ళీ స్క్రీనేనా?" అని మనం కేకలేస్తాం. కానీ ఆ ఆటకీ ఒక చరిత్ర ఉందండీ. అది తెలిశాక మన ఘంటసాల స్తూపం నాకు కొత్తగా కనిపించింది.

ఇప్పుడు మనం చూసే లెగో ఇటుకకి డెన్మార్క్‌లో 1958 జనవరి 28న పేటెంటు దరఖాస్తు పెట్టారు. పైన బుడిపెలు, లోపల గొట్టాలు. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకకి ఇప్పటికీ పడుతుంది. కొలత మారకపోవడమే కారణం. బుడిపె నడిమి నుంచి పక్క బుడిపె నడిమికి 8 మిల్లీమీటర్లు, ఇటుక ఎత్తు 9.6.

ఆ కొలతని 1995లో జేమ్స్ జెస్సిమన్ అనే ఆస్ట్రేలియా యువకుడు కంప్యూటర్‌లోకి తెచ్చాడు. దాని పేరు ఎల్‌డ్రా. ఒక్కో ఇటుకకి ఒక్కో వరస: రంగేమిటి, ఎక్కడ పెట్టాలి, ఎటు తిప్పాలి, ఏ నంబరు ఇటుక. మనం పచారీ సరుకుల చీటీ రాసినట్టే. ఆయన 1997లో చిన్న వయసులోనే పోయాడు. ఆ చీటీ పద్ధతిని మాత్రం అభిమానులు నిలబెట్టారు.

తర్వాత 2004లో కంపెనీయే లెగో డిజిటల్ డిజైనర్ అనే ప్రోగ్రాం ఉచితంగా ఇచ్చింది. 2022లో దాన్ని ఆపేసి, బ్రిక్‌లింక్ స్టూడియో వాడుకోమంది. కంపెనీ ప్రోగ్రాం వెళ్ళిపోయింది. 1995 నాటి సాదా చీటీ మాత్రం ఇంకా నడుస్తోంది. స్టూడియోలో కట్టినదాన్ని కూడా ఆ పద్ధతిలో దాచుకోవచ్చు.

ఇక మన ఊరి సంగతి. చల్లపల్లి దగ్గరున్న ఘంటసాల, క్రీస్తుశకం 2వ శతాబ్దంలో టాలెమీ పేర్కొన్న రేవు. అక్కడి బౌద్ధ స్తూపాన్ని అలెగ్జాండర్ రే తవ్వించి, 1894లో అచ్చయిన పుస్తకంలో దాని పటం ఇచ్చాడు. నడిమధ్య ఇటుకల చతురస్రం, చుట్టూ గుండ్రటి గోడ, రెండింటినీ కలుపుతూ బండిచక్రం ఆకుల్లాంటి గోడలు. ఆకుల మధ్య ఖాళీల్లో మట్టి నింపారు. ఇటుక తక్కువ పడుతుంది, కట్టడం గట్టిగా నిలుస్తుంది. స్తూపం నిండుగా ఉన్న రోజుల్లో ఈ తెలివి పైకి కనపడేదే కాదు.

కృష్ణ అవతల భట్టిప్రోలు స్తూపం ఇటుకలు 19వ శతాబ్దంలో రోడ్డు పనులకి తరలిపోయాయి. పోయిన ఇటుకని ఎవరూ వెనక్కి తేలేరు. కొలతలు రాసిపెట్టి ఉంటే, అది ఎలా ఉండేదో కనీసం తెలుస్తుంది.

అందుకే మీ పిల్లలకి ఈసారి ఘంటసాల చక్రాన్ని స్క్రీన్ మీద కట్టమని చెప్పి చూడండి. చదరపు ఇటుకలతో గుండ్రటి గోడ ఎలా తేవాలో వాళ్ళే తంటాలు పడతారు. పెట్టె కొనక్కర్లేదు, ఎన్నిసార్లయినా విప్పి కట్టొచ్చు. ఒక్క లోటుంది: స్క్రీన్ మీద ఇటుక గాల్లో కూడా నిలబడుతుంది. కాబట్టి ఒక చిన్న ముక్కయినా చేత్తో కట్టించి, బరువు ఎక్కడ పడుతుందో చూపించండి.

చివరగా, కట్టింది సాదా చీటీలోనూ దాచమనండి. ప్రోగ్రాం మారినా పిల్లాడి పని పోకూడదు కదా!