చెయ్యి కొట్టిన గాలి

గోదావరి డెల్టాలో యంత్రాల చరిత్ర రాసేవాళ్ళు ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదలుపెట్టి, కాలవలు, లాకులు, రైలు వంతెనల మీదుగా కరెంటు దాకా వస్తారు. 1852లో ఆనకట్ట పూర్తయింది, 1900లో రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన మీద రైలు గోదావరి దాటింది. వీటి సరసన ఒత్తిపట్టిన గాలి ప్రస్తావన కనిపించదు. ఎందుకంటే అది పల్లెలకు పెద్ద యంత్రంగా రాలేదు. పెట్రోమాక్స్ లైటు అడుగున ఉన్న టాంకులో, కిరసనాయిలు స్టవ్వు పంపులో, సైకిలు పంపులో చడీచప్పుడు లేకుండా వచ్చింది. మోసుకుపోదగిన గాలిని ఎంచుకోవలసి వచ్చినప్పుడు డెల్టా జనం ఎంత పీడనం దొరుకుతుందన్నది ముందు చూడలేదని నా వాదన. అయిపోతే అక్కడికక్కడే మళ్ళీ నిండుతుందా, చెడితే ఊళ్ళోనే బాగవుతుందా అన్నవే వాళ్ళు చూశారు.

పెట్రోమాక్స్ పనితీరు చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. 1892లో స్టాక్‌హోమ్‌లో లిండ్‌క్విస్ట్ తెచ్చిన ప్రైమస్ స్టవ్వు దారిలోనే, సుమారు 1910 ప్రాంతంలో బెర్లిన్‌కు చెందిన గ్రేట్జ్ కంపెనీ ఈ లైటును తయారుచేసింది. ఇందులో వత్తి లేదు. టాంకులో కిరసనాయిలు పైన ఉన్న ఖాళీలోకి చేతి పంపుతో గాలి కొడితే, ఆ గాలి నూనెను గొట్టంలో పైకి తోస్తుంది. ముందుగా వేడిచేసిన గొట్టంలో నూనె ఆవిరై, సన్నని రంధ్రంలోంచి ఎగజిమ్మి, మాంటిల్ మీద తెల్లగా మండుతుంది. టాంకులో గాలి మండదు, తోస్తుంది అంతే. దానికి రెండు బార్ల పీడనం చాలు, మనిషి చెయ్యి అలవోకగా అందించగలిగినంత. ఆ మాంటిల్‌లో ముఖ్యమైన పదార్థం అప్పట్లో థోరియం. ఆ థోరియానికి మూలమైన మోనజైట్ ఇసుక 1909లో తిరువాన్కూరు తీరంలో బయటపడి జర్మనీకి ఎగుమతయింది. బెర్లిన్ దీపానికి మన దక్షిణాది ఇసుకతో ఇంత చుట్టరికం ఉందని చాలామందికి తెలియదు, తెలియాలి.

ఇలాంటి దీపానికి డెల్టాలో పని ఎక్కువ. కోనసీమ లంకలకు ఏటిని దాటితే గాని దారి ఉండేది కాదు. నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి వశిష్ఠ పాయను పంటు మీద దాటాల్సి వచ్చేది, అటునుంచి అంతర్వేది తీర్థానికి వెళ్ళేవాళ్ళకు అదే దారి. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలైనా, పల్లెపల్లెకూ తీగలు చేరడానికి ఏళ్ళు పట్టింది. తెల్లవార్లూ సాగే పద్యనాటకానికి, అది సత్యహరిశ్చంద్ర అయినా చింతామణి అయినా, వెలుగు గ్యాసు లైటుదే, అంటే ఈ పెట్రోమాక్స్‌దే. లీటరు నూనె పోస్తే ఎనిమిది గంటలకు దగ్గరగా వెలుగుతుంది, అంటే దాదాపు నాటకం పొడుగునా. ఆ వేదిక పక్కనే హార్మోనియం తిత్తి కూడా ఒక చేత్తో ఊపితేనే పలికేది. మనిషి చెయ్యి ఒకచోట గాలిని పాటకిస్తే, ఇంకొకచోట వెలుగుకిచ్చింది. పంపు బలహీనపడితే దాదాపు ప్రతిసారీ తప్పు లోపలి తోలు వాషరుదే. నాలుగు చుక్కల నూనె రాసి మెత్తబరిస్తే మళ్ళీ పట్టేది, అరిగిపోతే కొత్తది కోసి వేసుకునేవారు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఇది ఎంపిక కాదు, లేమి అనవచ్చు. కరెంటుంటే పంపు కొట్టే అవస్థ ఎవరు పడతారు? నిజమే, ఇళ్ళలో బల్బు రాగానే గ్యాసు లైటు అటకెక్కింది. కానీ కరెంటొచ్చిన ఊళ్ళలో కూడా పెళ్ళి ఊరేగింపు ముందు గ్యాసు లైట్లే నడిచాయి, ఎందుకంటే తీగ నడవలేదు. పెద్ద కంప్రెసరుతో నింపిన సిలిండరు ఎంతో ఎక్కువ గాలి పడుతుంది కదా అన్నది ఇంకో మాట. పడుతుంది గాని, ఖాళీ అయ్యాక దాన్ని మళ్ళీ పట్నం మోయాలి. ఏటికి అవతల ఉన్నవాడికి అది ఎందుకు పనికొస్తుంది? అయితే చేతి పంపుకీ ఒక ఖరీదు ఉంది, అది చెప్పకుండా దాన్ని మెచ్చుకోకూడదు. నూనె తగ్గేకొద్దీ టాంకులో ఖాళీ పెరిగి పీడనం పడిపోతుంది, మళ్ళీ మళ్ళీ గాలి కొట్టడానికి ఒకడు మేలుకుని ఉండాలి. ఊరేగింపులో ఆ వేడినీ కిరసనాయిలు వాసననూ నెత్తిన మోసుకుని మైళ్ళు నడిచినవాళ్ళు కూలికి వచ్చినవాళ్ళే. ఆ వెలుగు గురించి రాసేటప్పుడు వాళ్ళను విడిచిపెట్టడం అన్యాయం.

పీడనం పెంచుకుంటూ పోతే చెయ్యి ఎక్కడ ఓడిపోతుందో కూడా చరిత్రలో ఉంది. 1780ల నాటి ఆస్ట్రియా సైన్యపు జిరార్డోని గాలి తుపాకీకి దాదాపు 800 పీఎస్ఐ పీడనం కావాలి, దాని టాంకు నింపడానికి చేతి పంపు 1500 సార్లు కొట్టాలి. కొన్ని దశాబ్దాలకే అది మూలపడింది. మన తీర్థాల్లో బుడగలు పేల్చే తుపాకీ ఈ చిక్కును పక్కదారిన దాటింది. అందులో నిలవ ఉంచిన గాలే లేదు, గొట్టం వంచితే స్ప్రింగు ముడుచుకుంటుంది, మీట నొక్కితే ఆ క్షణానికి కావలసిన గాలిని అదే ఒత్తుతుంది.

ఇప్పుడు సరదాకి గాలి ఫిరంగి తయారుచేసే కుర్రాళ్ళ ముందున్నదీ అదే లెక్క. బంగాళదుంపనో బంతినో విసరడానికి కొన్ని బార్ల పీడనం చాలు, గేజి ఉన్న సైకిలు ఫుట్ పంపు ఆ పని చేస్తుంది. కంప్రెసరు కోసం వెతకడం కన్నా గాలి పట్టే టాంకు మీద దృష్టి పెట్టడం ముఖ్యం. నీళ్ళ కోసం చేసిన పీవీసీ గొట్టంలో గాలి నిలవ చెయ్యకూడదు. నీళ్ళు ఒత్తితే దాదాపు ముడుచుకోవు కాబట్టి గొట్టం పగిలినా కారి ఊరుకుంటాయి. గాలి మాత్రం తనలో దాచుకున్న శక్తినంతా ఒక్కసారి విదిల్చి గొట్టం ముక్కల్ని విసిరికొడుతుంది. గాలి పీడనానికే తయారుచేసి, ఎంత తట్టుకుంటుందో పైన ముద్రించిన ఉక్కు టాంకు తీసుకోవాలి, దానికి సేఫ్టీ వాల్వు ఉండాలి.