సూదిపనివారి వినోదపదములు

వస్త్రములఁ గుట్టువారి నోట నాడు పదములకు నిఘంటువులలో దొరకిన చోటు కొంచెము. అట్టి పదము కోశమున కెక్కినను 'ఒకవిధమైన కుట్టు' అను నర్థముతోనే తఱచుగా తృప్తినొందవలసివచ్చును. దీనికిఁ గారణము లేకపోలేదు. ఈ పదములు పైకిఁ జూచినఁ బరిహాసముగా నుండును. పొలము, గట్టు, మెంతిగింజ, బియ్యపుగింజ, ఇల్లు, ఉచ్చు - ఇవి కుట్టుల పేళ్లనఁగా శాస్త్రజ్ఞుఁడు చిఱునవ్వు నవ్వి విడుచును. కాని యీ పదములలోఁ బెక్కింటికిఁ గేవలవినోదము ప్రయోజనము గాదు. వ్రాఁతయు, కొలబద్దయు లేని పనిలో ఇవి కొలతలు. ఏ ముడి యెంత పరిమాణముండవలెనో, ఏ గీఁత యెట్లు నడువవలెనో, ఏ ముక్క యేచోట నుండవలెనో పేరే చెప్పును. ఈ విషయమునకు దృష్టాంతములు మిక్కిలి ప్రాచీనకాలము నుండియుఁ గలవు.

పాలిభాషయందలి వినయపిటకమున మహావగ్గమను భాగమునఁ జీవరఖండకము గలదు. బుద్ధుఁడు రాజగృహము నుండి దక్షిణాగిరికిఁ బోవుచు మగధదేశపుఁ బొలములఁ జూచెననియు, గట్లతోను, అడ్డగట్లతోను, చదరములుగా నమరిన యా పొలములవలె భిక్షువుల చీవరమును గూర్పఁగలవా యని యానందు నడిగెననియు నందుఁ జెప్పఁబడినది. ఆనందుఁ డట్లే కూర్చెను. ఆ సందర్భమున వచ్చు పదములు గమనింపఁదగినవి. నిలువుపట్టీ 'కుసి', చిన్న యడ్డుపట్టీ 'అడ్ఢకుసి'. పెద్ద మడి 'మండలము', చిన్న మడి 'అడ్ఢమండలము'. మెడకడ నుండు ముక్క 'గీవేయ్యకము', పిక్కకడ నుండునది 'జంఘేయ్యకము', చేతికడ నుండునది 'బాహంతము'. ముక్కలుగాఁ గోసి కుట్టిన వస్త్రము శ్రమణులకుఁ దగినదనియు, శత్రువు లాశపడనిదనియుఁ గారణము గూడఁ జెప్పఁబడినది. పొలమును బోలిన వస్త్రమనుట యొక యందమైన యూహ మాత్రమే గాదు, అది పటము. పొలముఁ జూచినవాఁ డెవ్వఁడైనను చీవరమును మఱల మఱలఁ గూర్పఁగలఁడు. కృష్ణాతీరమున అమరావతి, నాగార్జునకొండల విహారములందు వసించిన భిక్షువులకును అతుకుల చీవరమే నిత్యవస్త్రము గాన, వరిమళ్ల గట్లఁ జూచుచుఁ బెరిగిన యాంధ్రభిక్షువున కీ యుపమానమునకు వ్యాఖ్యానము వలసియుండదు.

ఆ పిటకమునందే చుల్లవగ్గమను భాగమున, వస్త్రమును బిగించి కుట్టుటకుఁ గఠినమను చట్రమును, సూదులు తుప్పుపట్టకుండ దాఁచుకొను గొట్టమును, వ్రేలికి సూది గ్రుచ్చుకొనకుండఁ దొడుగుకొను 'పటిగ్గహము'ను బుద్ధుఁ డనుమతించినట్లు కలదు. పటిగ్గహమనఁగాఁ బుచ్చుకొనునది. సూదిపోటును దాను బుచ్చుకొని వ్రేలిని గాపాడునది గాన నా పేరు. ఇదే పనిముట్టు పారసీకమున 'అంగుస్తానా', తెలుఁగు దర్జీల నోట 'అంగుస్తాను'. అంగుస్త్ అనఁగా వ్రేలు. ఒక భాష పనినిబట్టి పేరు పెట్టెను. ఒక భాష చోటునుబట్టి పేరు పెట్టెను.

కుట్టువాని పేళ్లలోను నిట్టి భేదమే కానవచ్చును. అమరకోశమున శూద్రవర్గమందుఁ దున్నవాయ, సౌచిక శబ్దములు కుట్టువానికిఁ జెప్పఁబడినవి. మనుస్మృతియందును తున్నవాయశబ్దము గలదు. సౌచికుఁడు సూదినిబట్టి వచ్చిన పేరు. తున్నమనఁగాఁ బొడువఁబడినది, తెగినది, వాయుఁడనఁగా నేయువాఁడు. తెగినదానిని మఱల నేయువాఁడని తున్నవాయశబ్దమున కర్థము. సాలెవాఁడు మగ్గముపై నేసినదానిని, కాలము చింపివేయఁగా, రెండవమాఱు సూదితో నేయువాఁ డీతఁడు. పారసీకమున 'దర్జ్' అనఁగాఁ గుట్టుగీఁత. దానినుండి దర్జీ పుట్టెను. తెలుఁగునఁ జిప్పిగవాఁడనునది ప్రాఁతమాట. కన్నడమున సింపిగ, మహారాష్ట్రమున శింపి యనునవి దీనికిఁ జుట్టములు. మేరవారు కుట్టుపని కులవృత్తిగాఁ గలవారు. తురుష్కులు రాకమునుపు ఈ దేశమునఁ గుట్టుపనియే లేదను వాదము వినవచ్చుచుండును. తున్నవాయశబ్దమును, వినయపిటకమందలి చట్రమును, పటిగ్గహమును ఆ వాదమునకుఁ జాలిన సమాధానములు. గోలకొండను 1518 మొదలు 1687 వఱకుఁ గుతుబుషాహీలును, పిమ్మట 1724 మొదలు 1948 వఱకు హైదరాబాదు రాజ్యమును ఆసఫ్‌జాహీలును ఏలిన కాలమునఁ గ్రొత్తగాఁ బ్రబలినవి కత్తిరింపులు, వాని పేళ్లు. జేబు, కమీజు, పైజామా, అస్తరు మొదలగున వీ తెగలోనివి. పైజామా యనఁగాఁ 'గాలిబట్ట' యని మాత్రమే యర్థము. పనివాని మాట యెంత సూటిగా నుండునో దీనివలనఁ దెలియును.

అచ్చతెలుఁగు పదములకు వచ్చిన నందును కొలతయే ముందు నిలుచును. సన్నబట్టకు సూది, గోనెకు దబ్బనము. 'సూదిలా వచ్చి దబ్బనములా తేలినాఁడు' అను సామెత యీ రెంటి నడుమ నున్న పరిమాణభేదముపైననే నిలిచియున్నది. సన్నగాఁ జొరబడి లావుగా బయలుపడువానిఁ జెప్పుటకు ఇంతకంటెఁ జక్కని కొలత యేది? చిన్న చిఱుగునకు మాసిక, రెండు ముక్కలఁ గలుపుటకు అతుకు, ప్రాఁతబట్టలఁ బొరలు పొరలుగాఁ బేర్చి కుట్టినచో బొంత. 'అతుకుల బొంత' యను పలుకుబడి సభలలోను, పత్రికలలోను పొందికలేని కూర్పును నిందించుటకు వాడఁబడుచున్నది. కుట్టిన స్త్రీ దృష్టితోఁ జూచినచో నిది యన్యాయము. ప్రాఁతచీరలోఁ జివికిన భాగమేదో, గట్టిగా నున్న భాగమేదో వేళ్లతోఁ దడవి తెలిసికొని, బలముగల ముక్కను ఒరపిడి తగులుచోట నుంచి కుట్టిననే బొంత నిలుచును. 'గంతకుఁ దగ్గ బొంత' యను సామెతను సరిజోడును ఎగతాళిచేయుటకే వాడినను, అందలి 'తగ్గ' యను మాట కుట్టుపనివారి ప్రధానసూత్రము: దేనికేది తగునో దానిని దానికే కలుపవలెను.

పొరుగుదేశముల సూదిపనిలో నీ సంగతి మఱింత స్పష్టము. ధారవాడ ప్రాంతపుఁ గసూతిపనిలో బట్టపైఁ బటము ముందుగా గీయరు. పోగులు లెక్కించుచుఁ గుట్టుదురు. గోపురము, తులసికోట, రథము, ఏనుఁగు మొదలగు రూపములన్నియు లెక్కమీఁదనే పుట్టును. అందలి ముఖ్యపుఁ గుట్టులు నాలుగు. 'గవంతి' యనునది గంటు, అనఁగా ముడి, అను మాటనుండి వచ్చినది. ఇది బట్టకు రెండువైపులను ఒకేరీతిగాఁ గన్పడును. 'ముర్గి' మెట్లవలె వంకరలు దిరుగుచుఁ బోవును. 'నేగి' తెలుఁగు నేతకుఁ దోఁబుట్టువు. చూచువారికి అది కుట్టో నేతయో తెలియరాదు. 'మెంతి' మన మెంతియే; అడ్డదిడ్డముగాఁ బడు చిన్నకుట్టులు దట్టముగాఁ బఱచుకొనును. ఈ నాలుగు పేళ్లు వినిన బాలిక నాలుగు రూపములను మనసున నిలుపుకొనును.

లక్ష్మణపురమందలి చికన్‌పనిలో 'ఫందా' యనఁగా ఉచ్చు. దారమును ఉచ్చువైచి బిగించిన ముడి చిఱుధాన్యపు గింజవలె గుండ్రముగా నుండవలెను. 'ముర్రీ' బియ్యపుగింజవలెఁ గోలగా నుండవలెను. గుండ్రపు గింజకును కోలగింజకును గల భేదము వంటయింటిలో నెల్లవారికిఁ దెలిసినదే. గురువు కొలబద్ద తీయఁ బనిలేదు. గింజ పేరు చెప్పినఁ జాలును. 'ఘాస్‌పత్తీ' యనఁగా గడ్డియాకు. కుట్టు ఎటు వాలవలెనో యాకు చెప్పును. ఇట్టి పదమునకు 'ఒకవిధమైన కుట్టు' అని యర్థము వ్రాసినచో మాట మిగులును, కొలత పోవును.

అయినను వినోదపదము లన్నియుఁ గొలతలే యనుట యతివ్యాప్తి. కాజా యను మాటను జూడవలెను. పోర్చుగీసువారు 1498లో కోళిక్కోడు చేరిన పిమ్మట వారి మాటలు తీరదేశభాషలలోఁ బెక్కు ప్రవేశించినవి. వారి భాషలోఁ 'గాసా' యనఁగా నిల్లు. బొత్తాము దూరు రంధ్రమునకు నదియే పేరు. బొత్తాము తన యింటిలోఁ బ్రవేశించుచున్నదని వారి యూహ. బొత్తామను మాటయు వారిదే. ఇల్లను నర్థము సముద్రమునఁ బోయి, శబ్దము మాత్రము తెలుఁగు దర్జీకి దక్కినది. ఇఁకఁ గాకినాడ, తాపేశ్వరముల కాజా వేఱొక వంశమునది. అది హిందీ 'ఖాజా'కు సంబంధించిన తినుబండారము. చొక్కాకుఁ గాజాలు, పెండ్లికిఁ గాజాలు అని హాస్యమాడుటకుఁ బనికివచ్చునే గాని, ధ్వనిసామ్యముచే రెంటికి నొక్క పుట్టుక కల్పించుట తగదు. సూదిపనివారి పదములఁ బరిశీలించువా రిట్టి చోట్ల నెచ్చరికతో నుండవలెను.

పేరు కొలతను దెలుపుటయే గాక కొన్ని యెడలఁ గష్టమును గప్పిపుచ్చుటయుఁ గలదు. నరసాపురప్రాంతమున 19వ శతాబ్దమునఁ గ్రైస్తవమతప్రచారకుల మూలమున వ్యాపించిన లేసుపని యిందుకు సాక్ష్యము. అచట పూవులను కొక్కెపు సూదితో నల్లుట 'చేతిపని', ఆ పూవుల నొకటిగాఁ గలుపుట 'అతుకుపని'. పనిని విభజించి వేర్వేఱు స్త్రీలకుఁ బంచుట కీ పేళ్లే యాధారము. జర్మనీదేశపు సామాజికశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ 1982లో వెలువరించిన గ్రంథమున, ప్రపంచపు విపణికి సరకు పంపు నీ స్త్రీలు పనివారుగా గాక గృహిణులుగానే పరిగణింపఁబడిరనియు, వారి శ్రమ తీరికవేళ వ్యాపకముగాఁ జెప్పఁబడెననియు నిరూపించెను. 'అతుకుపని' యను మాటలో నింత యార్థికచరిత్ర యణఁగియున్నది. దానిని 'అతుకుట' యని యొక్కముక్కలోఁ దేల్చు కోశమున నా చరిత్రకుఁ జోటు లేదు.

1851లో ఐజాక్ సింగరు కుట్టుయంత్రమునకు హక్కు పొందిన పిమ్మట వచ్చిన మార్పు తెలుఁగుపదములలోను గానవచ్చును. యంత్రము లెన్ని యున్నను, పల్లెలలో 'మిషను కుట్టుచున్నాఁడు' అనఁగా బట్టలు కుట్టుచున్నాఁడనియే యర్థము. యంత్రము ప్రధానముగా నొక్క కుట్టునే కుట్టును; దాని కొలతను మర సరిచేయును. గింజల పేళ్లతోఁ బనిలేదు. చేయి చేయు పని తగ్గినకొలఁది చేతి మాటయుఁ దగ్గును.

ఇట్టి నష్టము వాటిల్లకుండ వృత్తిపదములను బనివారి నోటినుండియే సేకరించు మార్గము తెలుఁగున నేర్పడియున్నది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశమున వ్యవసాయపదముల సంపుటము 1962లోను, చేనేతపదముల సంపుటము 1971లోను వెలువడెను. మగ్గమునకుఁ జేసిన యీ న్యాయము సూదికిని జరుగవలెను. కుట్టు పేరుతోఁ గూడ ముడి పరిమాణము, పోగుల లెక్క, వాలు, కుట్టెడు చోటు వ్రాయఁబడవలెను. వీలైనచోఁ గుట్టిన ముక్కయే జతపఱుపఁబడవలెను.

పండితులకు సూదిపని దూరపువిషయము గాదు. సూత్రమనఁగా దారము, శాస్త్రములన్నియు దానిపైఁ గూర్పఁబడినవి. గ్రంథమనఁగా ముడివేసి కట్టినది. సందర్భమనఁగాఁ గలిపి గ్రుచ్చుట. గ్రంథాంతమున నుండు సూచికయు సూదిని దలపించును. దారపు మాటలతోఁ దన శాస్త్రము నంతయు నిర్మించుకొనిన పండితుఁడు, దారము చేతఁబట్టిన స్త్రీ 'మెంతి' యనినప్పుడు నవ్వి విడువక, ఆ గింజ యెంత పరిమాణముండవలెనో యామె నడిగి వ్రాసికొనుట యుచితము.