శాసనాలకు పూర్వపు రాయలసీమ

తెలుగు ఎం.ఏ. చదివిన మావంటివారికి రాయలసీమ చరిత్ర కడప జిల్లా కలమళ్ళలో మొదలవుతుంది. క్రీ.శ. 575 ప్రాంతంలో, ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాడు ఏలుతున్ననాటి శాసనమది. తొలి తెలుగు శాసనమని తరగతిలో చెబుతాం. చెప్పవలసిందే. కాని శాసనం ఏలేవాడిని గురించి చెప్పినంతగా పనిచేసేవాడిని గురించి చెప్పదు. రాజవంశాలను పక్కకు నెట్టి ప్రజల తిండీ బట్టా ఆటపాటలను చరిత్రకెక్కించిన సురవరం ప్రతాపరెడ్డిగారు కూడా కావ్యాలనే ప్రధానాధారంగా తీసుకున్నందున, 1949 నాటి తమ 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను తూర్పు చాళుక్యులతోనే ఆరంభించవలసి వచ్చింది. అంతకుముందరి శ్రామికుడు సాహిత్యంలో దొరకడు. ఉత్పత్తి సాధనాల, ఉత్పత్తి సంబంధాల క్రమపరిణామమే చరిత్ర అని కోశాంబి 1956లో నిర్వచించాడు గదా. ఆ నిర్వచనాన్ని నమ్మితే మనం గ్రంథాలయం వదలి బేతంచెర్ల గుట్టలెక్కాలి.

ఆ గుట్టల్లోని బిల్లసర్గం గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ తవ్వించారు. 1876-78 నాటి ధాత కరువులో కర్నూలు జిల్లా శవాల దిబ్బ అయి ఆరేళ్ళే గడిచాయి. బతికున్నవారి ఆకలిని లెక్కపెట్టడానికి చేతులు రాని దొరతనం గుహల్లోని ఎముకలను మాత్రం శ్రద్ధగా లెక్కపెట్టించింది. అయినా ఫుట్ పని గొప్పదే; దాన్ని తోసిపుచ్చడం దేశభక్తి కాదు. కర్నూలు ప్రాంతంలో కామియేడ్ అనే ఉద్యోగి ఏరిన రాళ్ళ ఆధారంగానే, 1930లో ఆయనా బర్కిట్టూ కలిసి ఇక్కడి రాతియుగాలను నాలుగు దశలుగా విభజించారు.

ఆ దశల నడుమ జరిగిన మార్పును మన విద్యార్థులు సరిగా గ్రహించాలి. పాత పద్ధతిలో పిడికెడు రాయిని చుట్టూ చెక్కితే ఒక చేగొడ్డలి వచ్చేది; పెచ్చుల్లో చాలా భాగం వృథా. తర్వాతి పనివాడు మొదట రాయిని సిద్ధం చేసుకున్నాడు. అంచును సరిచేసి, దెబ్బ పడవలసిన చోటు నిర్ణయించుకొని, ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క సన్నని పలుకును ఊడదీశాడు. అదే పిడికెడు రాయి నుంచి డజన్లకొద్దీ పదునైన అంచులు! వాటిని కర్రకో ఎముకకో బిగించి ఆయుధం చేసుకున్నాడు; ఒక పలుకు మొండివోతే దాన్నే మార్చుకున్నాడు, ఆయుధమంతా పారవేయలేదు. బనగానపల్లె దాపున జ్వాలాపురంలో ఒక రాతిచరియ కింద ఇటువంటి చిన్న పలుకులు సుమారు 35,000 ఏళ్ళనాటివి దొరికాయి. వాటితో పూసలూ దొరికాయి. కడుపు నింపని పూసకు అంత శ్రమ ఎందుకు పెట్టాడో సౌందర్యశాస్త్రం బోధించేవారు ఆలోచించాలి.

ఎముకదీ అదే కథ. ముచ్చట్ల చింతమాను గవిలో (గుహను గవి అనడం మా వైపు మాట) ఎం.ఎల్.కె. మూర్తిగారు 1970 దశకంలో తవ్వితే, సుమారు 17,000 ఏళ్ళనాటి పొయ్యి, చెక్కి నూరిన ఎముక పనిముట్లు బయటపడ్డాయి.

వ్యవసాయం చాలా తర్వాత, క్రీ.పూ. మూడు, రెండు సహస్రాబ్దాలలో వచ్చింది. కడప జిల్లా హనుమంతరావుపేటలో మాడి మిగిలిన గింజల్లో ఉలవలు, పెసలు, అండుకొర్రలు ఉన్నాయి. వరీ గోధుమా ఎక్కడివో తెచ్చుకోక ముందే, వాననీటి పైరును ఇక్కడివారు తమంతట తాము సాధించుకున్నారని డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్, వెంకటసుబ్బయ్యగార్ల పరిశోధన. హరప్పాలో నగరం లేచిందనీ ఇక్కడ లేవలేదనీ మన సీమను వెనకబడిన దక్కనుగా తీసివేసే పాఠ్యపుస్తకాలకు ఉలవగింజ చాలు జవాబు. పాతపాడు కుమ్మరి ఎర్రని కుండ మీద ముదురు రంగు గీతలు దిద్ది, పోయడానికి దోనె వంటి కొమ్ము పెట్టాడు. మన కొమ్ముచెంబుకు దూరపు చుట్టమే అనిపిస్తుంది. చుట్టరికాన్ని నేను రుజువు చేయలేను, ఊహ మాత్రమే.

ఇంతకీ జ్వాలాపురం పేరు ప్రపంచానికి తెలిసింది బూడిద వల్ల. సుమారు 74,000 ఏళ్ళ క్రితం సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పటి బూడిద జుర్రేరు లోయలో కొన్నిచోట్ల రెండు మీటర్లకు మించి పేరుకుంది. దాని కిందా పైనా ఒకే తీరు రాతి పనిముట్లు ఉన్నాయని పెట్రాగ్లియా, కోరిశెట్టర్ బృందం 2007లో ప్రకటించింది. వాటిని చేసింది మన జాతి మానవుడా, అంతకుముందరివాడా అన్న వాదం నడుస్తూనే ఉన్నది. ఏ జాతివాడైనా, ఆకాశం కమ్మిన తర్వాతా చేతిపని తెగలేదన్నది వారి వాదంలోని ముఖ్యాంశం. ఆ పొరలు అంత స్పష్టంగా కనబడడానికి కారణం మరొకటి: డిటర్జెంటు పొడికి అమ్మడం కోసం కూలీలు ఆ బూడిదను తవ్వారు. వారు తవ్విన గోతుల గోడల మీదనే శాస్త్రజ్ఞులు కొలతలు పట్టారు. తవ్వకమే చూపింది, తవ్వకమే మాయం చేస్తున్నది కూడా. నాపరాళ్ళ గనులకూ ఇదే వర్తిస్తుంది. గనుల మీద బతికేవారిని తప్పుపట్టలేం. కాని ఎక్కడ తవ్వరాదో గీత గీసే బాధ్యత కూలీది కాదు, ప్రభుత్వానిది.

ఫుట్ సేకరణను మద్రాసు మ్యూజియం 1904లో కొన్నది. పాతపాడు పెంకులను చూడాలంటే, 2022లో నంద్యాల జిల్లా అయిన ఆ ఊరి పిల్లవాడు చెన్నై రైలెక్కాలి. వాటిలో కొన్నింటినైనా నంద్యాలకో కర్నూలుకో తెప్పించమని మన అధ్యాపక సంఘాలు అడగవచ్చు. కలమళ్ళ శాసనం చెప్పే మొదటి వారంలోనే ఆ పెంకును బల్లమీద పెట్టి పాఠం చెప్పాలని నా కోరిక.