అద్దె ఇంటికి మేనేజరు ఎప్పుడు కావాలి?

ఇల్లు హైదరాబాదులో, ఉద్యోగం అమెరికాలో. అద్దె ఇల్లు చూసుకోడానికి మనిషిని పెట్టాలా వద్దా అని లెక్కలేసుకునే మిత్రుల కోసం ఓ పాత లండన్ కథ.

1865లో రచయిత జాన్ రస్కిన్ మేరిల్‌బోన్‌లోని పారడైజ్ ప్లేస్‌లో మూడు ఇళ్ళు తీసుకున్నాడు. పేరుకే స్వర్గం, ఉన్నది మురికివాడ. వాటి బాధ్యత ఆక్టేవియా హిల్ అనే యువతికి అప్పజెప్పాడు. పెట్టుబడి మీద ఏడాదికి 5 శాతం రావాలన్నది ఒప్పందం.

ఆవిడ వారం వారం స్వయంగా వెళ్ళి తలుపు తట్టేది. బకాయి పడితే ఊరుకునేది కాదు. అదే చేత్తో మరమ్మతులూ చేయించేది. మరమ్మతుల సొమ్ములో మిగిలినదాంతో ఏం చేయాలో అద్దెకున్నవాళ్ళనే అడిగేది. విశేషమేంటంటే, ఆ 5 శాతమూ వచ్చింది!

ఇళ్ళు పెరిగి ఒక్కతే తిరగలేకపోయాక, ఇతర మహిళలకి ఈ పని నేర్పింది. 1884లో చర్చి ఆస్తులు చూసే కమిషనర్లు సదర్క్‌లోని తమ ఇళ్ళు కొన్ని ఆవిడకే అప్పగించారు.

నాకర్థమైంది ఇదీ: కుళాయి కారుతోందని అద్దెకున్నవాళ్ళు చెప్తే వెళ్ళి చూసే తీరిక మనకి లేని రోజున, ఉన్నది ఒక్క ఇల్లే అయినా సరే, మనిషిని పెట్టుకోవాల్సిందే. అయితే అద్దె వసూలుతోపాటు మరమ్మతుకి ఖర్చుపెట్టే అధికారం కూడా ఆ మనిషికి ఇవ్వాలి. వసూలు మాత్రమే అప్పజెప్తే కుళాయి కారుతూనే ఉంటుంది మరి.